అమ్మినవాళ్ళకీ అమ్ముడుపోయినవాళ్ళకీ ఒకటే దేవుళ్ళు

జనవరి 5, కొటొనూ

వోడూ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది సూదులు గుచ్చిన బొమ్మ. బెనిన్ వెళ్తున్నానని చెప్తే మా ఆఫీసులో సగం మంది మేనేజర్ పేరు మీద ఒకటి తెచ్చిపెట్టమన్నారు. ఆ బొమ్మల సంగతి అబొమేలో చెప్తాను. ముందు ఊరి సంగతి. ఈ మతం పుట్టింది పశ్చిమాఫ్రికాలో, గినియా సింధుశాఖ ఒడ్డున, ఫోన్, ఎవే జనాలు ఉండే ఇప్పటి బెనిన్, టోగో ప్రాంతాల్లో. ఇక్కడివాళ్ళు వోడున్ అంటారు. బానిసల ఓడల్లో అట్లాంటిక్ దాటి హైతీలో వోడూగా స్థిరపడింది. హైతీకి వెళ్ళే పరిస్థితి ఇప్పుడు లేదు, రాజధాని చాలావరకు తుపాకీ ముఠాల చేతుల్లో ఉంది. అందుకని పుట్టింటికే వచ్చాను.

బెనిన్‌నే ఎంచుకోవడానికి ఇంకో కారణం మా బావ. పలాసలో జీడిపప్పు వ్యాపారం ఆయనది, ఆఫ్రికా పిక్కలు కొనడానికి వచ్చి కొటొనూలో పాతుకుపోయాడు. 2024లో ఈ దేశం పచ్చి పిక్కల ఎగుమతి ఆపేసి ఇక్కడే పప్పు కొట్టాలని పట్టుబట్టాక, ఇటువైపే ఒక ఫ్యాక్టరీలో పని చూసుకుంటున్నాడు.

"ఏటోయ్, దెయ్యాల్ని చూడ్డానికి ఇంత దూరం వచ్చావా? మా డ్రైవర్ ఆదివారం చర్చికెళ్తాడు, సోమవారం లెగ్బాకి నూనె పోస్తాడు. రెండిటికీ లీవు నన్నే అడుగుతాడు" అన్నాడు ఎయిర్‌పోర్టు నుంచి వస్తూనే.

లెగ్బా అంటే వోడున్‌లో గుమ్మాలకీ దారులకీ కాపలా ఉండే దేవుడు. బావ సరదాగా అన్నా అసలు విషయం అదే. 2013 జనాభా లెక్కల్లో మా మతం వోడున్ అని రాయించుకున్నవాళ్ళు 11.6 శాతమే. క్రైస్తవులు సగానికి దగ్గర, ముస్లింలు నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. కానీ పిల్లకి జ్వరం తగ్గకపోయినా, పొలం గొడవ తెగకపోయినా, ఆ లెక్కల్లో క్రైస్తవులైన వాళ్ళలో చాలామంది పోయేది పాత గుడికే. దేశం పేరు దహోమే నుంచి బెనిన్‌గా మారిన 1975 ప్రాంతంలో అధ్యక్షుడు కెరెకూ మార్క్సిస్టు ప్రభుత్వం మంత్రగాళ్ళంటూ పూజారుల మీద పడింది. 1990 తర్వాత ప్రజాస్వామ్యం వచ్చాక గాలి మారింది, జనవరి 10 సంప్రదాయ మతాల పండగగా జాతీయ సెలవు అయింది. నేను టికెట్ తీసుకున్నది ఆ తేదీ చూసుకునే.

సాయంత్రం దంతొక్పా మార్కెట్‌కి వెళ్ళాం. ఎండిన ఊసరవెల్లులు, కోతి పుర్రెలు, పక్షి తలలు, పేరు తెలియని వేర్లు గుట్టలుగా. ఫోటో తీస్తే డబ్బులడుగుతారు. కంపు భరించలేక పది నిమిషాల్లో బయటపడ్డాం, అందుకే దీని గురించి ఎక్కువ రాయడానికి లేదు.

జనవరి 6, గన్వియే

నొకూయే సరస్సులో కర్రల మీద కట్టిన ఊరు. ఒడ్డున పడవ మాట్లాడుకుని పోవాలి, బేరం గట్టిగా ఆడాలి. కొమ్మలు నీళ్ళలో గుచ్చి దడులు కడతారు, ఆ కొమ్మలు కుళ్ళితే చేపలు చేరతాయి, తర్వాత చుట్టూ వల వేసి పడతారు. బడి, మసీదు, చర్చి, బార్ అన్నీ నీళ్ళ మీదే.

ఈ ఊరు ఎందుకు పుట్టిందో విన్నాకే నాకు ఈ యాత్ర మొత్తం ఒక దారిలో పడింది. దహోమే రాజ్యం సైనికులు బానిసల కోసం ఊళ్ళ మీద పడేవాళ్ళు. పట్టుకున్నవాళ్ళని తీరానికి నడిపించి యూరప్ వాళ్ళకి అమ్మేవాళ్ళు. ఆ సైనికులకి నీళ్ళ మీద దాడి చెయ్యకూడదని దైవనిషేధం ఉండేదట, అందుకే తోఫిను జనం సరస్సు మధ్యకి వచ్చి కాపురాలు పెట్టారని పడవ నడిపే అబ్బాయి చెప్పాడు, గైడ్లందరూ అదే చెప్తారు. అంటే వేటాడేవాడిదీ పారిపోయేవాడిదీ ఒకే మతం. ఎదుటివాడి దేవుడు వాణ్ణి ఎక్కడ ఆపుతాడో తెలుసు కాబట్టి అక్కడికే పోయి ఇల్లు కట్టుకున్నారు.

జనవరి 7, అల్లాడ మీదుగా అబొమే

హర్మటన్ గాలులు మొదలయ్యాయి. సహారా దుమ్ము తెల్లగా కమ్మేసి సూర్యుడు చంద్రుడిలా కనిపిస్తున్నాడు, పెదాలు పగిలిపోతున్నాయి. రోడ్డు మాత్రం బాగుంది.

మధ్యలో అల్లాడ. మామూలు ఊరే, కానీ రోడ్డు పక్కన తూసాన్ లూవెర్త్యూర్ విగ్రహం ఉంది. హైతీలో బానిసల తిరుగుబాటుని నడిపించిన మనిషి ఇక్కడెందుకంటే, ఆయన పూర్వీకులు అల్లాడ రాజవంశం వాళ్ళని ఒక కథ. కథ నిజమో కాదో గానీ ఈ ఊరి పేరు మాత్రం సముద్రం దాటిన మాట నిజం. హైతీ వోడూలో రాడా అనే పూజా విధానం ఉంది, శాంతంగా ఉండే పాత దేవతలది. ఆ రాడా అంటే అల్లాడే. పెత్వో అని ఇంకోటి ఉంది, అది ఉగ్రం, హైతీ చెరుకు తోటల్లో కొరడా దెబ్బల మధ్య తయారైంది. వీటికి తోడు కాంగో వైపు నుంచి వచ్చిన బానిసల ఆచారాలూ కలిశాయి. ఫ్రెంచివాళ్ళు 1685 చట్టంతో బానిసలందరికీ బాప్తిస్మం తప్పనిసరి చేశారు. సరే అని పటాలు కేథలిక్ సెయింట్లవి పెట్టుకుని, పూజలు తమ దేవుళ్ళకే చేసుకున్నారు. తాళంచెవులు పట్టుకున్న సెయింట్ పీటర్ లెగ్బా అయ్యాడు, పాముల్ని తరిమిన సెయింట్ పాట్రిక్ పాము దేవుడు దంబల్లా అయ్యాడు.

మధ్యాహ్నానికి అబొమే. దహోమే రాజధాని. పన్నెండు మంది రాజుల కోటలు, మట్టి గోడలు, 1985లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. 1892లో ఫ్రెంచి సైన్యం వస్తుంటే బెహాంజిన్ రాజు తన కోటకి తనే నిప్పు పెట్టించాడు. వాళ్ళు ఎత్తుకుపోయిన వాటిలో 26 వస్తువుల్ని 2021లో పారిస్ తిరిగిచ్చింది. గోడల మీద ఉబ్బెత్తు బొమ్మలు: సింహం, సొరచేప, శత్రువు కాలు పట్టుకుని వాడి కాలితోనే వాణ్ణి బాదుతున్న యోధుడు. మా గైడ్ ఇరవై రెండేళ్ళ కుర్రాడు, వచ్చీరాని ఇంగ్లీషు. ఒక సమాధి మందిరం దగ్గర ఆగి, ఈ గోడ మట్టిలో బానిసల రక్తం కలిపారని, వాతావరణం చెప్పినంత మామూలుగా చెప్పాడు. గెజో రాజు సింహాసనం నాలుగు పుర్రెల మీద నిలబడి ఉంటుంది, నలుగురూ ఓడిన శత్రువులు. ఏటా చనిపోయిన రాజుల కోసం ఇక్కడ నరబలులు జరిగేవి. ఇది దాచుకుని వోడున్ అంటే ప్రకృతి ఆరాధన, శాంతి అని రాసే టూరిస్టు బ్రోచర్లంటే నాకు మంట.

అలాగని ఇదంతా రక్తమే అంటే అదీ అబద్ధం. దహోమే రాజులు గెలిచిన ప్రతి ఊరి నుంచీ దేవుళ్ళని కూడా తెచ్చుకునేవాళ్ళు. 18వ శతాబ్దంలో తెగ్బెసు రాజుకి రాజమాతగా ఉన్న హ్వాంజిలే అనే ఆవిడ, అజా ప్రాంతం నుంచి మావు, లీసా జంటని తెచ్చి అందరు దేవుళ్ళకీ పైన కూర్చోబెట్టింది. మావు ఆడ, చంద్రుడు. లీసా మగ, సూర్యుడు. రాజ్యం గట్టిపడాలంటే పైలోకంలో కూడా ఒక క్రమం ఉండాలని ఆవిడకి తెలుసు. నా దృష్టిలో సైన్యాధిపతులందరికంటే పెద్ద రాజకీయవేత్త ఆవిడ.

ఇక బొమ్మలు. సాయంత్రం గైడ్ వాళ్ళ పిన్ని ఇంటికి తీసుకెళ్ళాడు. ఆవిడ ముంగిట్లో పీట మీద కూర్చుని చిన్న ప్లాస్టిక్ టబ్బులో జానెడు చెక్కబొమ్మని రుద్ది రుద్ది కడుగుతోంది. అరిగిపోయి ముక్కు, కళ్ళు సరిగా కనపడట్లేదు. కడిగి, తుడిచి, పౌడర్ రాసి, నీలం గుడ్డ చుట్టి, పక్కనే అప్పటికే ముస్తాబైన ఇంకో బొమ్మ దగ్గర నిలబెట్టింది. కవల పిల్లలు, ఇద్దరూ పోయారు. ఇక్కడ కవలలంటే సగం దైవాలు. పోతే ఇలా బొమ్మ చేయించి బతికున్న బిడ్డకి చేసినట్టే అన్నం పెడతారు, పడుకోబెడతారు. ఒకడికి ఇచ్చి ఇంకొకడికి ఇవ్వకపోతే ఇంట్లో గొడవలొస్తాయట. నేను బిస్కెట్ పాకెట్ ఇస్తే రెండు తీసి చెరొకటి ముందు పెట్టింది, మిగతావి బతికున్న మనవడికి. బెనిన్ మొత్తంలో నేను దగ్గరగా చూసిన బొమ్మలు ఇవే. సూదుల బొమ్మకి ప్రచారం వచ్చింది ఎక్కువగా హాలీవుడ్ వల్ల. 1915 నుంచి 1934 దాకా అమెరికా సైన్యం హైతీని ఆక్రమించుకుని కూర్చున్నప్పుడు అక్కడి నుంచి మోసుకొచ్చిన జాంబీ కథల గోలలో పుట్టిన దుమారం అది.

జనవరి 8, దాంకోలి

పొద్దున్నే ఉత్తరానికి. దారిలో దాసా కొండలు. సక్పతా అనే దేవుడికి ఈ వైపు పెద్ద పట్టు. భూమికి అధిపతి, మశూచి ఆయనదే. మన దగ్గర అమ్మవారు పోసింది అన్నట్టే ఇక్కడ జబ్బు పేరు ఎత్తకుండా ఆయన వచ్చాడంటారు, కోపం ఆయనదే, నయం చేసేదీ ఆయనే. అబొమే రాజులకి ఈ దేవుడంటే టెన్షన్, ఎందుకంటే నేలకి రాజు అని బిరుదున్న దేవుడూ, నేల నాదే అనే రాజూ ఒకే ఊళ్ళో ఎలా ఇముడుతారు? సక్పతా పూజారుల్ని రాజధాని నుంచి వెళ్ళగొట్టిన రోజులున్నాయి, కొందర్ని అమ్మేశారు కూడా. 1980లో మశూచి ప్రపంచంలోనే లేదని ప్రకటించారు గానీ సక్పతా ఉద్యోగం పోలేదు. పంట, వాన, కొత్త జబ్బులు అన్నీ ఆయన ఖాతాలోనే.

సవలూ దాటాక రోడ్డు పక్కన దాంకోలి. గుడి, గోపురం ఏమీ లేవు. చెట్ల కింద నల్లగా జిడ్డుగా మెరుస్తున్న ఒక గుట్ట, దాని నిండా వేల చెక్క మేకులు, ఈకలు, ఎండిన నెత్తురు. ఇక్కడ నేరుగా దేవుడితో మాట్లాడొచ్చు, మధ్యలో దీక్షలూ అవీ అక్కర్లేదు, అందుకే దేశం నలుమూలల నుంచీ వస్తారు.

నా ముందు ఒకతను ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. చెక్క మేకు ఒకటి తీసుకుని గుట్టలోకి కొడుతూ కోరిక పైకే చెప్పుకుంటున్నాడు, గొణగడం కాదు, బ్యాంకు మేనేజర్‌కి వివరించినట్టు వివరంగా. తర్వాత సీసాలో ఎర్ర పామాయిల్ ధారగా మేకు మీద పోశాడు. ఆ తర్వాత సొదాబి, అంటే తాటి జాతి చెట్టు కల్లు కాచి తీసిన సారా, నోట్లో పోసుకుని తుంపర్లుగా మూడుసార్లు ఉమ్మాడు. దేవుడి మీద ఉమ్మడమేంటి అని బావ మొహం చిట్లించాడు. ఉమ్మితేనే ఊపిరి, మాట, సారా మూడూ కలిసి చేరతాయని పక్కనున్న పూజారి సమాధానం. కోరిక తీరాక ఏమిస్తాడో కూడా అప్పుడే చెప్పాలి: మేకనా, కోడినా. తీరాక ఎగ్గొడితే బాగోదు. అతని ఫైల్లో ఏముందో అడిగాను, కొడుకు కెనడా వీసా కాగితాలు.

నన్నూ కొట్టమన్నారు. కొట్టాను. కోరిక ఇక్కడ రాయను. సారా మాత్రం నాలిక మీద మంట పెట్టింది.

జనవరి 9, విదా

కొటొనూకి పడమరగా నలభై కిలోమీటర్లలో ఉన్న ఈ ఊరు చూడ్డానికి ఒక రోజు చాలదు. ఊరి నడిబొడ్డున పెద్ద కేథలిక్ బసిలికా, దానికి ఎదురుగా రోడ్డుకి అవతల పాముల గుడి. చిన్న గది, నేల మీద కుప్పగా కొండచిలువలు, విషం లేనివి, సాధువులు. దాంగ్బే అనే దేవుడివి. టూరిస్టుల మెళ్ళో వేసి డబ్బులు తీసుకుంటారు, నాకూ వేశారు, చల్లగా బరువుగా ఉంది. అప్పుడప్పుడు రాత్రిళ్ళు బయటికి వదిలేస్తే ఊళ్ళో ఎలకల్ని పట్టుకు తింటాయట, ఎవరింట్లో దూరినా కొట్టకుండా తెచ్చి అప్పగిస్తారు. 1727లో దహోమే ఈ ఊరిని గెలిచింది. రాజు పోయాడు, పాములు మాత్రం ఎక్కడికీ పోలేదు. అంతకు చాలా ముందు ఈ ఊరిని పెట్టిన రాజు క్పాసే పవిత్ర వనంలో ఇరోకో చెట్టుగా మారిపోయాడంటారు, ఆ చెట్టు ఇప్పటికీ ఉంది, పూజలందుకుంటోంది.

ఒక బొకోనో దగ్గర కూర్చున్నాం. ఫా అనే సోది చెప్పేవాళ్ళని అలా అంటారు, పక్కనున్న నైజీరియా వైపు యోరుబా జనాల ఇఫా ఇదే. ఎనిమిది కాయచిప్పలు కట్టిన గొలుసు విసురుతాడు, బోర్లా పడ్డవీ వెల్లకిలా పడ్డవీ బట్టి గుర్తు తేలుతుంది. మొత్తం 256 గుర్తులు, 16 అసలువి. ఒక్కోదానికి కథలు, ఏం తినకూడదు, ఎవరికేమివ్వాలి అన్నీ కంఠస్థం. ఏళ్ళు పడుతుంది నేర్చుకోడానికి. బావకి వేరుశనగ తినొద్దని వచ్చింది, ఆయన ఇంకా తింటూనే ఉన్నాడు.

సముద్రం వైపు ఒక మామీ వాటా గుడికి వెళ్ళాక నాకు నిజంగా నోట మాట రాలేదు. తెల్ల సున్నం గోడలు, అద్దాలు, సెంటు సీసాలు, టాల్కం పౌడర్ డబ్బాలు, ఫాంటా సీసాలు. నీటి దేవత కదా, అందం, సిరి ఆవిడ సొమ్ము. గోడ మీద చూస్తే మన లక్ష్మీదేవి కేలండర్ పటం. పక్కనే మూడు తలల దత్తాత్రేయుడు, కాళ్ళ దగ్గర నాలుగు కుక్కలు, ఆవు. పిఠాపురంలో ఏ పూజాగదిలోనైనా ఉండే పటమే. దీని వెనక పెద్ద కథ ఉంది. 1880లలో జర్మనీలో, హాంబర్గ్‌లో, ఒక పాములాడించే ఆవిడ రంగుల పటం అచ్చేశారు, అది నావికులతో ఆఫ్రికా తీరానికి వచ్చి మామీ వాటా రూపమైపోయింది. 1955లో బొంబాయిలో ఒక కేలండర్ కంపెనీ దాన్నే మళ్ళీ అచ్చేసి ఇటు పంపింది. తీరంలో దుకాణాలు పెట్టుకున్న మనవాళ్ళ దగ్గర మన దేవుళ్ళ పటాలు చూసి, సముద్రం అవతలి నుంచి వచ్చినవి, వాళ్ళకి బాగా కలిసొచ్చినట్టున్నాయి అని వీళ్ళు తెచ్చుకున్నారు. దత్తాత్రేయుడు ఇక్కడ డెన్సు, మూడు తలల నీటి దేవుడు. పూజారిణికి ఆయన మా వైపు దేవుడని చెప్పాను. ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసి, అయితే మీరు ఆయనకి ఏం తాగిస్తారు అని అడిగింది. ఏమీ తాగించమంటే నమ్మలేదు.

జనవరి 10, విదా, పండగ

పొద్దున బానిసల దారి నడిచాను. బేరాలు జరిగిన షాషా మైదానం నుంచి సముద్రం దాకా దాదాపు నాలుగు కిలోమీటర్లు. షాషా అంటే ఫ్రాన్సిస్కో ఫెలిక్స్ డి సౌజా అనే బ్రెజిల్ వ్యాపారికి గెజో రాజు ఇచ్చిన బిరుదు. దారిలో మరుపు చెట్టు ఉండేదంటున్న చోట, మగవాళ్ళని తొమ్మిది, ఆడవాళ్ళని ఏడు చుట్లు తిప్పేవాళ్ళని చెప్తారు, ఊరూ పేరూ మర్చిపోవడానికి. చివర 1995లో కట్టిన తిరిగిరాని ద్వారం. ఈ ఒక్క రేవు నుంచే పది లక్షలకు పైగా మనుషుల్ని పంపారని చరిత్రకారుల అంచనా. అమెరికాకి చేరిన ఆఖరి బానిస ఓడ క్లోటిల్డా, 1860లో, ఎక్కించుకున్నది ఇక్కడే.

బీచ్‌లో ఇసక వేస్తే రాలనంత జనం. ఊళ్ళో వోడున్ పెద్ద, దాగ్బో హునోన్ అంటారు, గొడుగు కింద వచ్చి కూర్చున్నాడు. డప్పులు మొదలయ్యాయి. తెల్లచీరల్లో మామీ వాటా వాళ్ళు సముద్రానికి కానుకలు మోశారు. పిడుగు దేవుడు హెవియోసో పూనినతను చేతిలో గొడ్డలితో గిర్రున తిరుగుతూ మా వైపు దూసుకొస్తే జనం రెండుగా చీలిపోయారు, వెనక ఇద్దరు మనుషులు అతను పడిపోకుండా పట్టుకుంటూ పరిగెత్తారు. పూనకం దిగాక నీళ్ళు తాగించి పక్కన కూర్చోబెట్టారు, ఐదు నిమిషాలకి ఫోన్ చూసుకుంటున్నాడు.

నా పక్కన మాంట్రియల్ నుంచి వచ్చిన ఒకావిడ, అమ్మానాన్నలది హైతీ, వాళ్ళమ్మమ్మ మాంబో, అంటే వోడూ పూజారిణి. వాళ్ళ దగ్గర ఏ పూజైనా ముందు లెగ్బాని గేటు తియ్యమని అడగాలి, తర్వాతే మిగతావాళ్ళు రాగలరు, నేల మీద మొక్కజొన్న పిండితో ఆయన ముగ్గు వేస్తారు. ఇక్కడా మొదటి నూనె లెగ్బాకే. లెగ్బా పాట మొదలవగానే ఆవిడ తన క్రియోల్ మాటల్లో అదే దేవుణ్ణి పిలుస్తూ పాడింది, ముందు వరసలో ఒక ముసలాయన వెనక్కి తిరిగి చెయ్యి పైకెత్తాడు.

అబొమే వెళ్తారా అని అడిగాను.

"మమ్మల్ని అమ్మినవాళ్ళ సింహాసనం చూడ్డానికి నేను టికెట్ కొనాలా?"

మరి ఇక్కడికెందుకు వచ్చారని అడగబోయి ఊరుకున్నాను. ఆవిడే చెప్పింది. 1791 ఆగస్టులో హైతీలోని బ్వా కైమాన్ అడవిలో బానిసల నాయకుడు బూక్మన్, పూజారిణి సెసిల్ ఫాతిమాన్ ఒక పూజ చేసి ప్రమాణం చేయించారు, కొన్ని రోజులకే చెరుకు తోటలు తగలబడ్డాయి, 1804 జనవరి 1కి హైతీ స్వతంత్ర దేశం. "ఆ రాత్రి వచ్చిన దేవుళ్ళు ఇక్కడివాళ్ళే. రాజులు మమ్మల్ని అమ్మారు గానీ దేవుళ్ళు మాతోనే ఓడెక్కారు. నేను వాళ్ళ ఊరు చూడ్డానికొచ్చాను, రాజుల ఊరు కాదు." అంత చేసినా సొంత దేశంలోనూ ఆ మతానికి గౌరవం దక్కలేదు. 1941లో చర్చి పూనుకుని డోళ్ళు, గుళ్ళు తగలబెట్టించింది, 2003లో గానీ ప్రభుత్వం అధికారికంగా మతంగా గుర్తించలేదు. ఇక్కడ బెనిన్ మాత్రం 2024లో బానిసల వారసులకి పౌరసత్వం ఇస్తామని చట్టం చేసింది. తీసుకుంటారా అంటే, ఫారం నింపాలో వద్దో ఇంకా తేల్చుకోలేదంది. అల్లాడ రాజుల కథలూ, గన్వియే పడవలూ, పుర్రెల సింహాసనమూ అన్నీ కలిసి నా బుర్రలో తిరుగుతుంటే, నాకు ఆవిడ మాటకి ఎదురు చెప్పడానికి ఏమీ దొరకలేదు, ఒక్కటి తప్ప: దహోమే రాజులూ కూర్చుని లెగ్బాకి నూనె పోసిన తర్వాతే వేటకి వెళ్ళేవాళ్ళు. అది ఆవిడకి నాకంటే బాగా తెలుసు.

రాత్రి అదే బీచ్‌లో పెద్ద స్టేజి, లైట్లు, పాప్ కచేరీ. ప్రభుత్వం దీన్ని ఇప్పుడు వోడున్ డేస్ అని పెద్ద టూరిజం ఈవెంట్ చేసింది. కొందరు పూజారులకి నచ్చలేదు. ఐస్‌క్రీమ్ అమ్మేవాళ్ళకి బాగా నచ్చింది.

జనవరి 11, పోర్తో-నోవో

జాంగ్బెతో చూడ్డానికే వచ్చాం. మనిషి ఎత్తు గడ్డివాము ఒకటి రంగులతో వీధిలో సుడిగాలిలా తిరుగుతుంది. పాతకాలం రాత్రి పోలీసులు వీళ్ళు, దొంగల్ని పట్టేవాళ్ళు, ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో గస్తీ ఉంది. ఆట మధ్యలో గడ్డిని పైకెత్తి లోపల ఎవరూ లేరని చూపిస్తారు. బావ రెండుసార్లు వంగి చూశాడు. మూడోసారి డబ్బులిచ్చి మరీ ఎత్తించాడు. గంటసేపు కారులో అది ఎలా చేస్తారో నాకు వివరిస్తూ వచ్చాడు, నాలుగు సిద్ధాంతాలు, ఒకదానికొకటి పొసగవు. ముందు సీట్లో డ్రైవర్ నవ్వుతూనే ఉన్నాడు గానీ నోరు విప్పలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: వీసా ఆన్‌లైన్‌లో వస్తుంది, ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకపోతే కుదరదు. జనవరి మొదటి పది రోజుల్లో విదాలో గదులు దొరకవు, ముందే బుక్ చేసుకోండి. మోటార్‌సైకిల్ టాక్సీ ఎక్కే ముందే రేటు మాట్లాడుకోండి. పూజల దగ్గర అడగకుండా ఫోన్ తియ్యొద్దు. శాకాహారులు అమివో అడగండి, టమాటాతో చేసిన ఎర్ర మొక్కజొన్న ముద్ద, కాకపోతే కోడి ఉడికిన నీళ్ళతో చేస్తారు చాలాచోట్ల, ముందే చెప్పి చేయించుకోవాలి.